గుండె వైద్యం ఖరీదు: పాలమూరు, నల్లగొండల అనుభవం

వైద్యం ఖర్చును గురించి మాట్లాడుకునేటప్పుడు మనకు ముందుగా గుర్తుకు వచ్చేది ప్రమాదం. అర్ధరాత్రి గుండె పట్టుకుని కూలిపోయిన మనిషిని బండిలో వేసుకుని పరుగెత్తటం మన కథల్లోనూ సినిమాల్లోనూ బాగా అలవాటైన దృశ్యం. కాని గుండె వైద్యంలో చాలా భాగం అలా జరగదు. డాక్టరు పరీక్షించి, "ఇప్పటికిప్పుడు భయం లేదు, ఆర్నెల్ల లోపల ఆపరేషన్ చేయించుకోండి" అని చెప్పి పంపిస్తాడు. పాడైన కవాటాన్ని మార్చటం, పుట్టుకతో వచ్చిన రంధ్రాన్ని మూయటం, పూడుకుపోయిన రక్తనాళంలో స్టెంట్ వేయటం, బైపాస్ చేయటం తరుచు ముందుగా తేదీ నిర్ణయించుకుని చేసే పనులే.

ఆ ఆర్నెల్ల గడువు కలిగినవాడికి ఒక సౌకర్యం. పని చక్కబెట్టుకుని, మంచి డాక్టరును విచారించుకుని, తీరికగా వెళతాడు. లేనివాడికి అది అమ్ముకోవటానికి దొరికిన వ్యవధి. నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి తండ్రికి యిలాగే గడువు పెట్టారు. వాళ్లకున్నది రెండెకరాల మెట్ట. బేరానికి పెట్టారు. ఆపరేషన్ తేదీ వూరందరికీ తెలుసు. కొనేవాడికి మరీ బాగా తెలుసు. అంచేత అతను తొందరపడలేదు. తేదీ దగ్గరపడే కొద్దీ ధర తగ్గింది. ఆఖరి వారంలో పొలం చేతులు మారింది. తండ్రి బతికాడు. కొడుకు పరీక్ష ఫీజు కట్టకుండా హైదరాబాదులో పనికి కుదిరాడు. ఆ చికిత్స ఖరీదులో ఆ అబ్బాయి చదువు కూడా వుందని యే ఆసుపత్రి రసీదూ చెప్పదు.

యీ విషయాన్ని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చరిత్రలో నిలబెట్టి చూడటం అవసరం. యెందుకంటే అప్పు అన్న మాటకు యిక్కడ పాత అర్థాలున్నాయి. నిజాం పాలనలో నాగుకు తెచ్చుకున్న గింజలకు పంట చేతికి రాగానే ఒకటిన్నర రెట్లు, రెండింతలు కొలవవలసి వచ్చేది. అప్పు తీరని కుటుంబం తన మనిషిని దొర యింట్లో, షావుకారు చేలో భగేలాగా వుంచేది. 1936లో భగేలా ఒప్పందాలను అదుపు చేస్తూ హైదరాబాదు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అది చాలవరకు కాగితం మీదనే వుండిపోయింది. వెట్టినీ, నాగునూ, బేదఖలునూ నిజంగా కదిలించింది 1946 నుంచి 1951 దాకా నల్లగొండ గడ్డ మీద సాగిన రైతాంగ పోరాటం. మహబూబ్‌నగర్ జిల్లా బతుకుతెరువు వెతుక్కుంటూ దేశమంతటా ఆనకట్టలు కట్టటానికి వెళ్లింది. "పాలమూరు లేబర్" అన్న పేరే పుట్టింది.

దొర గడీ కూలింది. ఐతే అప్పు కూలలేదు, ముఖం మార్చుకుంది. విత్తనాలకూ పురుగుమందులకూ అప్పు, నీరు పడని బోరుకు అప్పు, వాటి పక్కన నిశ్శబ్దంగా ఆసుపత్రి అప్పు చేరాయి. రైతుల ఆత్మహత్యల మీద 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన యేర్పడిన రైతు సంక్షేమ కమిషన్ కూడా వైద్యం ఖర్చును ఋణభారానికి ఒక కారణంగా గుర్తించవలసి వచ్చింది.

యిక శాస్త్రం సంగతి. గుండెను ఆపి, దాని పనిని యంత్రానికి అప్పగించి, లోపల చక్కదిద్దటం 1953లో గిబ్బన్ సాధించాడు. బైపాస్ పద్ధతిని 1967లో క్లీవ్‌లాండ్‌లో అర్జెంటీనా వైద్యుడు ఫావలోరో స్థిరపరిచాడు. కోయకుండా, సన్నని గొట్టం చివరి బుడగతో రక్తనాళాన్ని తెరవటం 1977లో జ్యూరిచ్‌లో గ్రుంట్‌జిగ్ చేసి చూపాడు. యివి మానవజాతి ఉమ్మడి ఆస్తి. యీ ఆస్తి మన దగ్గరికి యే దారిన వచ్చిందన్నదే ప్రశ్న.

హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థలు వున్నాయి. అవి పెరగవలసిన కాలంలో, 1980ల నుంచి, వాటి పక్కన కార్పొరేట్ ఆసుపత్రులు లేచాయి. అవి సొంత కాళ్ల మీద లేచాయనుకుంటే పొరపాటు. 1988 మార్చిలో కేంద్ర ప్రభుత్వం విదేశీ వైద్య పరికరాల మీద దిగుమతి సుంకాన్ని మాఫీ చేసింది. దానికి షరతు పెట్టింది: బయటి రోగుల్లో 40 శాతానికి ఉచితంగా వైద్యం చేయాలి; నెలకు 500 రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాలకు పది శాతం పడకలు కేటాయించి ఉచితంగా చూడాలి. దేశమంతటా పరికరాలు దిగాయి. షరతును చాలా చోట్ల మరిచిపోయారు. సుంకం మినహాయింపు ఒక్కసారి తీరిపోయే బాకీ కాదనీ, ఆ బాధ్యత కొనసాగుతూనే వుంటుందనీ చెప్పటానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. ప్రజల డబ్బు అందులో మొదటి రోజు నుంచీ వుందన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి.

యీ నేపథ్యంలో ఆరోగ్యశ్రీ వచ్చింది. చికిత్సకు సహాయం కోరుతూ ముఖ్యమంత్రి సహాయనిధికి వచ్చిపడే దరఖాస్తుల్లోనూ, 2004 తర్వాత పిల్లల గుండె ఆపరేషన్లకు జరిపిన యేర్పాటులోనూ దాని మూలాలు వున్నాయి. 2007 ఏప్రిల్ 1న మొదట ప్రారంభించిన మూడు జిల్లాలు అనంతపురం, శ్రీకాకుళం, మహబూబ్‌నగర్. ఆ మూడింటినీ కలిపేది కరువూ వలసా. నల్లగొండకు అదే యేడు డిసెంబర్ 5న వచ్చింది. 2008 జూలై నాటికి రాష్ట్రమంతటా వ్యాపించింది. తెల్లకార్డు గల కుటుంబానికి యేడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు. రోగి డబ్బు కట్టనక్కరలేదు. ఆసుపత్రి ముందుగా అనుమతి తీసుకుని, ఒక్కొక్క చికిత్సకు నిర్ణయించిన ప్యాకేజీ ప్రకారం సొమ్ము పుచ్చుకుంటుంది. గుండె చికిత్సలకు అందులో మొదటి నుంచీ ప్రముఖ స్థానం వుంది.

దీని మేలును తక్కువ చేసి మాట్లాడటం అభ్యుదయం అనిపించుకోదు. మక్తల్ నుంచో దేవరకొండ నుంచో వచ్చిన కూలీ బిడ్డ గుండెలో రంధ్రం పైసా కట్టకుండా మూసుకుపోయింది. ఆ తల్లి ముందు కూర్చుని "యిది వ్యవస్థను మార్చలేదమ్మా" అని చెప్పగల ధైర్యం మనకుండకూడదు. కాని ఆ తల్లి పక్షాన నిలబడి అడగవలసిన ప్రశ్నలున్నాయి.

మొదటిది, డబ్బు యెక్కడికి వెళ్లింది? 2007 నాటికి యీ రెండు జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో గుండె ఆపరేషన్ చేసే యేర్పాటు లేదు. రెండు పట్టణాల నుంచీ రోగి వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి హైదరాబాదు చేరాలి. పథకం సొమ్ములో అధిక భాగం ప్రైవేటు ఆసుపత్రులకు చేరింది. హైదరాబాదులోని అన్వేషి సంస్థకు చెందిన పరిశోధకులు రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, శ్రీవత్సన్ 2011లోనే యీ విషయాన్ని ఎత్తిచూపారు. రోగికి దొరికింది చికిత్స. జిల్లాకు దొరకనిది ఆసుపత్రి.

రెండవది, ప్యాకేజీలో పట్టని ఖర్చు. మొదట్లో యింటికి పంపిన తర్వాత పది రోజుల మందులు మాత్రమే ప్యాకేజీలోనివి. తర్వాత కొన్ని చికిత్సలకు యేడాదిపాటు మందులిచ్చే యేర్పాటు చేర్చారు. కాని లోహపు కవాటం వేసుకున్న మనిషి రక్తం గడ్డకట్టకుండా బతికినంత కాలం మందు మింగాలి. ఆ మోతాదు సరిపోతున్నదో లేదో తెలుసుకోవటానికి తరుచు రక్తపరీక్ష చేయించుకోవాలి. మందు మానితే గడ్డ కడుతుంది, యెక్కువైతే రక్తం కారుతుంది. ముంబయిలోనో పుణెలోనో కంకర మోసే మనిషికి ఆ పరీక్ష యెక్కడ? తోడు వచ్చిన మనిషి కూలి పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది. యివేవీ బిల్లులో కనబడవు కాబట్టి ఖర్చు కాదనుకుంటున్నాం.

మూడవది, మరింత మౌలికమైనది. కవాటాలు యెవరివి పాడవుతున్నాయి? రుమాటిక్ గుండెజబ్బు యిరుకు యిళ్లలో, పదే పదే గొంతునొప్పి వచ్చి మందు దొరకని పిల్లల్లో పుడుతుంది. మొదటి జ్వరంలోనే గుర్తించి, మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేస్తూ వుంటే చాలామందికి ఆపరేషన్ అవసరం రాదు. ఆ సూది చాలా చవక. ఆ సూది వేయవలసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు వుండడు. కవాటం మార్చటానికి మాత్రం ప్రభుత్వం లక్ష యిస్తుంది. చవకైనది లాభం యివ్వదు, అంచేత దాని పక్షాన వాదించేవాడు వుండడు.

వస్తువు ధర సంగతి కూడా చూద్దాం. మందుపూత గల స్టెంట్ సగటు ధర 1,21,400 రూపాయలుండగా, 2017 ఫిబ్రవరి 13న జాతీయ ఔషధ ధరల సంస్థ దాన్ని 29,600కు కుదించింది. పూత లేనిదాన్ని 45,100 నుంచి 7,260కి. ఒక్క ఉత్తర్వుతో తొంభై వేలకు పైగా తగ్గింది. ఆ తొంభై వేలు అంతకుముందు యే శాస్త్రానికి వెల? దానికి ఒక ఢిల్లీ న్యాయవాది కోర్టుకెక్కవలసి వచ్చింది. ఐనా స్టెంట్ తగ్గినంతగా బిల్లు తగ్గలేదు. బుడగలూ, గొట్టాలూ, గది అద్దె మిగిలే వున్నాయి. ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను పరిశీలించి, కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా వుందని అదే సంస్థ 2018లో ప్రకటించింది.

మనలాంటి మధ్యతరహా ఆదాయాల దేశాలు కొన్ని వేరే దారి చూపాయి. చైనా 2020 నవంబరులో దేశం మొత్తానికి స్టెంట్లను ఒకే బేరంలో కొని, సగటు ధరను 13,000 యువాన్ల నుంచి 700 దగ్గరికి దించింది. థాయిలాండ్ 2002లో అందరికీ వైద్యం ప్రకటించినప్పుడు అంతకుముందే కట్టుకున్న జిల్లా ఆసుపత్రుల మీద నిలబడింది. ఒక హెచ్చరిక కూడా వుంది. బైపాస్‌ను ప్రపంచానికిచ్చిన ఫావలోరో పన్నెండేళ్లు పల్లెటూరి వైద్యుడు. స్వదేశానికి తిరిగి వచ్చి గుండె ఆసుపత్రి పెట్టాడు. బీమా సంస్థలు చెల్లించవలసినది చెల్లించక, అప్పుల్లో మునిగి, 2000 జూలై 29న తన గుండెలోకే తుపాకి పేల్చుకున్నాడు.

మన దగ్గర పరిమితి 2023 డిసెంబర్ 9న పది లక్షలకు పెరిగింది. కాని బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలు 2025లోనూ వచ్చాయి. కార్డు మీద అంకె యెంత పెద్దదైనా, తలుపు తాళం యితరుల చేతిలో వుంటే ఆ అంకె హామీ కాదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి; బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. యివి అన్ని పరికరాలతో, నిండిన ఖాళీలతో గుండె వైద్యం చేసే స్థలాలు కావాలని అడగటం గొంతెమ్మ కోరిక కాదు. వూళ్లో పెన్సిలిన్, జిల్లాలో ఆపరేషన్, ఆ తర్వాత జీవితాంతం మందు: యీ మూడూ ఒకే హక్కులోని భాగాలు.

ఆపరేషన్ తేదీ డాక్టరు నిర్ణయిస్తాడు. కాని ఆ తేదీ లోపల రోగి యింట్లో యేమేమి అమ్ముడుపోవాలో నిర్ణయించేది డాక్టరు కాదు, మనం నిలబెట్టుకున్న వ్యవస్థ. నాగు గింజల లెక్క అన్యాయమని యీ జిల్లాల రైతులు ఒకనాడు తేల్చి చెప్పారు. యీ లెక్కను తేల్చవలసిన వంతు మనది.