తోటివారి బోధన: వీధి బడి నుంచి వైద్య కళాశాల దాకా

పరిచయం

రొంపిచెర్ల మండలంలోని ఒక ఊళ్లో తెలుగు మాధ్యమంలో చదివి, గుంటూరు వైద్య కళాశాలలో సీటు తెచ్చుకున్న విద్యార్థి ఒకరు ఉన్నారనుకోండి. మొదటి సంవత్సరంలో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పాఠాలు ఇంగ్లీషులో సాగుతాయి. తరగతిలో అడగడానికి జంకిన సందేహాన్ని సాయంత్రం హాస్టల్లో రెండో సంవత్సరం విద్యార్థి ఎవరో తెలుగులో విడమరచి చెబుతారు. విద్యావేత్తలు దీనిని 'తోటివారి బోధన' అంటారు. ఇటీవల విదేశాల నుంచి వచ్చిన పద్ధతిగా దీన్ని చాలామంది భావిస్తారు. అయితే దీని చరిత్రలో ఒక ప్రధాన ఘట్టం మన వీధి బడులతో ముడిపడి ఉంది. ఈ పాఠంలో ఆ చరిత్రను తెలుసుకుందాం. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: తోటివారి బోధన గురువుకు తోడా, లేక గురువు స్థానంలో పెట్టుకునే చౌక ఏర్పాటా?

1. వీధి బడిలో చిన్న గురువులు

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, ప్రెసిడెన్సీలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. నేటి పల్నాడు ప్రాంతం అప్పటి గుంటూరు కలెక్టరు పరిధిలో ఉండేది. గుంటూరు నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 574 పాఠశాలలు, 7,724 మంది విద్యార్థులు ఉన్నారు. వారిలో బాలికల సంఖ్య నామమాత్రమే.

వీధి బడిలో సాధారణంగా ఒకే పంతులు ఉండేవాడు. పిల్లల వయసులు వేరు, చదివే పాఠాలు వేరు. ఒకడు ఇసుకలో ఓనమాలు దిద్దుతుంటే మరొకడు ఎక్కాలు వల్లెవేసేవాడు. అందరినీ పంతులు ఒక్కడే చూడలేడు కనుక పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పేవారు. 1823లో బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ తన నివేదికలో ఈ పద్ధతిని మెచ్చుకున్నాడు. ఖర్చు తక్కువ కావడంతో పాటు, చెప్పే పిల్లవాడికి తన చదువు మరింత గట్టిపడుతుందని గుర్తించాడు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన కాంప్‌బెల్‌కు ఈ బడుల భాష బాగా తెలుసు. అందుకే లోపాన్ని కూడా ఎత్తిచూపాడు: పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండానే వల్లెవేస్తున్నారు. ఈ మెప్పునూ ఈ విమర్శనూ కలిపి గుర్తుంచుకోండి.

2. మద్రాసు నుంచి ఇంగ్లండుకు

ఈ నివేదికకు దాదాపు 30 ఏళ్ల ముందే ఒక విదేశీయుడు ఈ పద్ధతి వైపు ఆకర్షితుడయ్యాడు. స్కాట్లండు మతగురువు ఆండ్రూ బెల్ 1789లో మద్రాసు సైనిక అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడయ్యాడు. స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, తన పాఠశాలలోనూ ప్రవేశపెట్టాలనుకున్నాడు. అక్కడి ఉపాధ్యాయుడు సహకరించకపోవడంతో 8 ఏళ్ల బాలుడికే చిన్న తరగతిని అప్పగించాడు. ప్రయోగం ఫలించింది. 1797లో లండన్‌లో బెల్ ప్రచురించిన నివేదికతో ఇది 'మద్రాసు పద్ధతి'గా పేరు పొందింది. అదే కాలంలో లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ ఇలాంటి విధానాన్నే నడిపాడు.

ఇంగ్లండులో కార్మికుల పిల్లలను తక్కువ ఖర్చుతో చదివించడానికి ఇది అక్కరకు వచ్చింది. ఒకే ఉపాధ్యాయుడి కింద వందల మంది పిల్లలను కూర్చోబెట్టి, 'మానిటర్ల' చేత పాఠం చెప్పించారు. కానీ తనకే అర్థం కాని పాఠాన్ని మానిటరు ఎలా బోధిస్తాడు? వల్లెవేయించడం తప్ప అతనికి మరో దారి లేకపోయింది. క్రమంగా అసంతృప్తి పెరిగింది. 1846లో బ్రిటిష్ ప్రభుత్వం కనీసం 13 ఏళ్లు నిండిన విద్యార్థులకు, ఉపాధ్యాయుడి దగ్గర 5 ఏళ్ల శిక్షణ ఇచ్చే ఏర్పాటుకు మళ్లింది. అంటే పద్ధతిని పూర్తిగా వదిలేయలేదు. బోధించే పిల్లవాడికి శిక్షణ, పైన పర్యవేక్షణ ఉండాలని తెలుసుకున్నారు.

3. వైద్యవిద్యలో తోటివారు

వైద్యంలో ఈ ఆలోచన ఇంకా పాతది. చరక సంహిత విమానస్థానం జ్ఞానసాధనకు మూడు మార్గాలు చెబుతుంది: అధ్యయనం, అధ్యాపనం, తద్విద్య సంభాష. తద్విద్య సంభాష అంటే అదే విద్య నేర్చినవారితో చర్చించడం. ఇతరులకు చెప్పడం కూడా నేర్చుకునే మార్గమేనని ఇక్కడ స్పష్టంగా ఉంది.

ఆధునిక వైద్యవిద్య మన ప్రాంతానికి మెట్టు మెట్టుగా వచ్చింది. మద్రాసులో వైద్య పాఠశాల 1835లో ప్రారంభమైంది. విశాఖపట్నంలో వైద్య కళాశాల 1923లో, గుంటూరులో 1946లో ఏర్పడ్డాయి. బోధనాసుపత్రి వార్డులో ప్రొఫెసర్ నుంచి పీజీ విద్యార్థికి, పీజీ నుంచి హౌస్ సర్జన్‌కు, హౌస్ సర్జన్ నుంచి విద్యార్థికి పని నేర్పే గొలుసు నేటికీ కొనసాగుతోంది. మన దేశంలో 2019లో అమలులోకి వచ్చిన సామర్థ్య ఆధారిత ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక, వైద్యుడు చక్కగా సంభాషించగలవాడు, జీవితాంతం నేర్చుకునేవాడు కావాలని ఆశిస్తుంది. తోటివారికి చెప్పే అలవాటు ఈ రెండింటికీ ఉపకరిస్తుంది.

సీనియరు ఎందుకు బాగా చెప్పగలడు? ఎక్కడ తికమక పడతామో అతనికి ఇంకా గుర్తుంటుంది. 20 ఏళ్లుగా బోధిస్తున్న ఆచార్యుడికి అది సులువైన విషయం కావచ్చు, సీనియరుకు మాత్రం నిరుడు పడిన కష్టం. పైగా అతని ముందు 'నాకు తెలియలేదు' అనడానికి జూనియరుకు భయం తక్కువ.

4. ఒక తప్పు ఎంత దూరం వెళ్తుంది?

ఇప్పుడు మానిటరు సమస్యను వార్డులోకి తెచ్చి చూడండి. రక్తపోటు కొలిచేటప్పుడు చేతి చుట్టుకొలతకు తగిన కఫ్ వాడాలి. లావుపాటి చేతికి చిన్న కఫ్ చుడితే రక్తపోటు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ సంగతి తెలియని సీనియరు ఒకరు అందరికీ ఒకే కఫ్ చాలని చూపించారనుకుందాం. జూనియర్లు అదే నేర్చుకుంటారు, మరుసటి ఏడు తమ జూనియర్లకు అదే చూపిస్తారు. మూడు బ్యాచ్‌లు గడిచేసరికి అది 'మన వార్డు పద్ధతి' అయిపోతుంది. బడిలో తప్పు ఎక్కం నేర్చినవాడు పరీక్షలో మార్కులు పోగొట్టుకుంటాడు. ఇక్కడ మాత్రం పల్లె నుంచి వచ్చిన రోగి అవసరం లేని మాత్రలు మింగాల్సి వస్తుంది.

కాబట్టి చరిత్ర చెప్పే షరతులు మూడు. బోధించే విద్యార్థికి ముందు అధ్యాపకుడు శిక్షణ ఇవ్వాలి. ఏ అంశాలు చెప్పవచ్చో, ఏవి అధ్యాపకుడికే వదలాలో నిర్ణయించాలి. విన్నవారు సరిగా నేర్చుకున్నారో లేదో అధ్యాపకుడు పరీక్షించాలి. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉంచి ఆ భారాన్ని సీనియర్ల మీద వేస్తే, 19వ శతాబ్దపు ఇంగ్లండు చేసిన పొరపాటునే తిరిగి చేసినట్లవుతుంది.

ముగింపు

వీధి బడి అరుగు మీద పంతులు కనుచూపు మేరలోనే పెద్ద పిల్లవాడు చిన్నవాడికి చెప్పేవాడు. వందల మందికి ఒక్కరే ఉపాధ్యాయుడైన చోట ఆ చూపు అందరి మీదా నిలవలేదు. తోటివారి బోధన బలం, బలహీనత రెండూ ఈ తేడాలోనే ఉన్నాయి. దూరవిద్య విద్యార్థులైన మీరు కూడా అధ్యయన కేంద్రంలో తోటివారితో కలిసి చదువుతుంటారు. ఒక పాఠాన్ని మరొకరికి చెప్పి చూడండి. ఎక్కడ మాట తడబడితే అక్కడ మీ చదువు ఇంకా పూర్తికాలేదని అర్థం. ఆ సందేహాన్ని కౌన్సెలర్ దగ్గర తీర్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కాంప్‌బెల్ వీధి బడులలో గుర్తించిన గుణం, లోపం ఏవి?
2. ఇంగ్లండులో మానిటర్ల పద్ధతి ఎందుకు నిలవలేదు? వైద్యవిద్యకు దాని నుంచి అందే పాఠం ఏమిటి?