వానను వెలివేసిన ఇంజనీరు

అమెరికాలో వీధుల్లో పడ్డ వాననీటిని కాలువల గుండా ఏటిలోకి వదలాలంటే చాలా నగరాలకు పర్మిట్ ఉండాలి. దాని పుట్టుక వెతుక్కుంటూ పోతే 1878 నాటి ఒక జ్వరం దగ్గర తేలతాం. వానకూ జ్వరానికీ ముడేమిటని తవ్వితే ఎంత మంచి కథ దొరికిందో!

మిసిసిపీ ఒడ్డున మెంఫిస్ నగరం. ఆ ఏడాది ఎల్లో ఫీవర్ ఊరిని ఊడ్చిపెట్టింది. సగానికి పైగా జనం పారిపోయారు. మిగిలినవాళ్లలో 5,000 మందికి పైగా చనిపోయారు. అప్పులూ చావులూ కలిసి మరుసటి ఏడాదికి మెంఫిస్‌కు నగర హోదానే లేకుండా పోయింది. అప్పుడు వచ్చాడు జార్జ్ వేరింగ్. న్యూయార్క్ సెంట్రల్ పార్కు నేలలో నీరు నిలవకుండా చేసిన ఇంజనీరు. మురుగు కుళ్లితే లేచే ఆవిరే రోగాలకు మూలమని ఆయన గట్టి నమ్మకం.

వానను కూడా మోయాలంటే పెద్ద కాలువలు కట్టాలి. ఎండాకాలంలో వాటి అడుగున మురుగు పలచగా పారి, మేటవేసి కుళ్లుతుంది. అందుకే 1880లో ఇళ్ల మురుగుకు మాత్రమే 6 అంగుళాల గొట్టాలు వేయించాడు. ఒక్కో వరస మొదట్లో ఒక తొట్టి. అది రోజుకోసారి నిండి, ఒక్క ఉదుటున ఖాళీ అయి గొట్టాన్ని కడిగేస్తుంది. ఖర్చూ తక్కువ. దివాలా తీసిన ఊరికి అంతకన్నా ఏం కావాలి? వానను మాత్రం వెలివేశారు. దాని దారి అది చూసుకోవాల్సిందే.

తీరా చూస్తే జ్వరం తెచ్చింది ఆవిరి కాదు, దోమ. 1897లో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఎల్లో ఫీవర్ గుట్టు 1900లో క్యూబాలో తేలింది. అది వినడానికి వేరింగ్ లేడు. 1898లో హవానా పారిశుధ్యం పరిశీలించడానికి వెళ్లి, అదే జ్వరం తగిలి, న్యూయార్క్ తిరిగొచ్చి కన్నుమూశాడు. అంతకుముందు ఆయన ఆ నగరంలో వీధులు ఊడ్చే శాఖకు అధిపతి. కార్మికులకు తెల్ల దుస్తులు తొడిగించి, నగరవీధుల్లో ఊరేగింపు తీయించి, చీపురు పట్టిన చేతికి గౌరవం తెచ్చాడు.

ఆ తర్వాత దశాబ్దాల్లో చాలా ఊళ్లు మెంఫిస్ బాట పట్టాయి. మురుగుకు శుద్ధి కేంద్రాలు వచ్చాయి, వానకు రాలేదు. ఈలోగా కార్లు వచ్చాయి. బ్రేకుల నుంచి రాగి, టైర్ల నుంచి జింకు, ఇంజన్ల నుంచి నూనె. తొలి వానకు ఇదంతా నేరుగా ఏటి పాలు. నేల తాగాల్సిన నీటిని సిమెంటు మీద పరుగెత్తించి, అది మనకు సంబంధించిందే కాదనుకోవడం అలవాటైంది. పోగొట్టుకున్నది నీటిని మాత్రమే కాదు, దాని మీద మన బాధ్యతను కూడా.

1972లో స్వచ్ఛజల చట్టం వచ్చింది. గొట్టంలోంచి ఏటిలోకి కాలుష్యం వదిలే ప్రతివారికీ పర్మిట్ ఉండాలంది. మరుసటి ఏడాదే పర్యావరణ సంస్థ ఈపీఏ చాలా వాన కాలువలకు మినహాయింపు ఇచ్చేసింది. పర్యావరణవాదులు కోర్టుకెక్కారు. ఆ మినహాయింపు ఇచ్చే అధికారం నీకు లేదని 1977లో అప్పీలు కోర్టు తేల్చింది. 1987లో వాన కాలువల కోసం చట్టాన్ని సవరించారు. 1990 నిబంధనలు లక్ష, ఆపై జనాభా ఉన్న నగరాలను, 1999 నిబంధనలు పట్టణ ప్రాంతాల్లోని చిన్న ఊళ్లను పర్మిట్ కిందికి తెచ్చాయి. వాన కాలువలో దొంగచాటుగా కలిపిన మురుగు గొట్టాలను పట్టుకోవాలి, కట్టడాల దగ్గర మట్టి కొట్టుకుపోకుండా చూడాలి, జనానికి చెప్పాలి. చాలా ఊళ్ల ప్రణాళికల్లో రోడ్లు ఊడ్చడం కూడా ఉంది. వానను వెలివేసిన వేరింగ్ చీపురే ఇవాళ వానకు కాపలా కాస్తోంది. మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో 1990 ప్రాంతంలో ఇళ్ల ముందు పల్లపు తోటలు వేసి, వాననీటిని మళ్లీ నేలకే తాగించారు. నా లెక్కలో ఈ కథంతటిలో అన్నిటికన్నా తెలివైన పని అదే.

చట్టంలో ఒక లొసుగు ఉంది. నగరాలు కాలుష్యాన్ని ‘సాధ్యమైనంత మేరకు’ తగ్గిస్తే చాలంటుంది. ఎంత సాధ్యమో తేల్చేది పర్మిట్ ఇచ్చేవాళ్లే, వాళ్లను అడగాల్సింది జనం. ఈ పర్మిట్‌కు గడువు అయిదేళ్లు. కొత్తది ఇచ్చేముందు ప్రజల అభిప్రాయం అడుగుతారు. మీరు అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లయితే మీ ఊరి పర్మిట్ తెప్పించుకుని చదవండి, మీ మాట రాసి పంపండి.