ఆలుమగల పరుగు: కొంచెం లోకం చరిత్ర, కొంచెం మా కథ



పోయిన ఆదివారం మీటింగులో సంక్రాంతి ఆటల పట్టీ చదివారు. మగవాళ్ళకు 5 కిలోమీటర్ల పరుగు. ఆడవాళ్ళకు ముగ్గుల పోటీ, నిమ్మకాయ చెంచా, మ్యూజికల్ చైర్. మా పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల ఒకతె "మాకు పరుగు లేదా తాతా?" అని అడిగింది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. ఇంటికి వచ్చే బస్సులో మాత్రం మాకు నవ్వు రాలేదు. అందుకే ఈ పొడుగు రాత.

మేము అంటే మా ఇద్దరం. రైల్వే గుమాస్తాగా రిటైరైన ముసలాయన, ఆయన మేనమామ కూతురైన భార్య. రాసే చెయ్యి ఒకటే, కానీ ప్రతి ముక్కా ఆమెకు చదివి వినిపించాము. ఆమె తీసెయ్యమన్నవి తీసేశాము. బళ్ళో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు అరవై దాటాక దిద్దినవి. తప్పులుంటే పెద్ద మనసుతో చదవండి.

ముందు దూరం సంగతి. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. మన ఊళ్ళ లెక్కలో చెప్పాలంటే సులభం. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి రైలు దారి సుమారు 50 కిలోమీటర్లు. తులుక్కపట్టి దాటి, దాదాపు సగం దారిలో సాత్తూరు, ఆ తర్వాత నల్లి. విరుదునగర్ ప్లాట్‌ఫారం మీద పరుగు మొదలుపెడితే నల్లి దాటి, కోవిల్‌పట్టి ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉండగా మారథాన్ ముగుస్తుంది. అట్ట టికెట్ల కాలం నుంచి ఆ దూరానికి మేము ఎన్ని వేల టికెట్లు ఇచ్చామో లెక్కలేదు. కాళ్ళతో కొలిచే దూరమని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఈ 42.195 లెక్క ఎక్కడిది? గ్రీకు దేశంలో మారథాన్ అనే చోట యుద్ధం గెలిచిన వార్తను ఒక సైనికుడు ఏథెన్స్ దాకా పరుగెత్తి చెప్పి ప్రాణం వదిలాడని కథ. ఆ కథ పేరు మీద 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో సుమారు 40 కిలోమీటర్ల పరుగు పెట్టారు. నీళ్ళు మోసి అమ్మి బతికే స్పిరిడాన్ లూయిస్ గెలిచాడు. 1908 లండన్‌లో రాజుగారి విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు ముందు ముగించారు. ఆ దూరం 26 మైళ్ళ 385 గజాలు వచ్చింది. 1921లో అదే ఖాయం చేశారు. రాజుగారి వీలు కోసం వేసిన లెక్క, ఇప్పటికీ లోకమంతా దానికే చెమటోడుస్తోంది.

1896లోనే ఇంకొకరు కూడా పరుగెత్తారు. స్టమాటా రెవితి అనే పేద తల్లి పోటీకి వస్తానంటే ఒప్పుకోలేదు. మరుసటి రోజు ఆమె ఒక్కతే అదే దారిలో సుమారు ఐదున్నర గంటల్లో పరుగెత్తింది. స్టేడియం లోపలికి రానివ్వలేదు. ఆడదాని పరుగు చరిత్ర అట్లా గేటు బయట మొదలైంది.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 800 మీటర్లు పెట్టారు. పరుగు ముగించినవాళ్ళు అలసిపోయి కనబడగానే, ఆడవాళ్ళ ఒంటికి ఇది సరిపడదన్నారు. 1960 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 200 మీటర్ల కన్నా పెద్ద పరుగు లేదు. మగవాళ్ళు కూడా పరుగు ముగించి కిందపడతారు కదా. 1908లో ఇటలీవాడు డొరాండో పియెట్రి గీత దగ్గర మళ్ళీ మళ్ళీ పడిపోయాడు. అధికారులు పట్టి నడిపించారు, అందుకు అతన్ని పోటీలోంచి తీసేశారు. కానీ జనం అతన్ని వీరుడన్నారు. మగవాడు పడితే వీరం, ఆడది పడితే రుజువు.

ఇప్పుడు ఆలుమగల సంగతికి వద్దాము. 1967 ఏప్రిల్ 19, అమెరికాలో బోస్టన్ మారథాన్. చలి, మంచు కలిసిన వాన. కాథరిన్ స్విట్జర్ అనే 20 ఏళ్ళ కాలేజీ పిల్ల "కె.వి. స్విట్జర్" అని పేరు రాసి 261 నంబరు తీసుకుంది. ఆమెను తయారు చేసినవాడు ఆర్నీ బ్రిగ్స్ అనే పెద్దాయన. ఆయన కూడా మొదట్లో ఆడవాళ్ళ వల్ల కాదన్నవాడే. ముందు అంత దూరం పరుగెత్తి చూపించు, నేనే పిలుచుకొని పోతానన్నాడు. ఆ పిల్ల 31 మైళ్ళు పరుగెత్తి చూపించింది. ఇంకొకడు టామ్ మిల్లర్, ఆమెను చేసుకోబోయేవాడు. హామర్ విసిరే భారీ మనిషి. ఒక ఆడపిల్ల మారథాన్ పరుగెత్తగలిగితే నేనెందుకు పరుగెత్తలేనని తయారు కాకుండానే వచ్చాడు. ఇద్దరికీ అది మొదటి మారథాన్.

కొన్ని మైళ్ళు పోయేసరికి జాక్ సెంపుల్ అనే అధికారి వెనక నుంచి వచ్చి ఆమె నంబరు పీకబోయాడు. మిల్లర్ భుజంతో ఒక్క తోపు తోశాడు. సెంపుల్ పక్కకు పోయి పడ్డాడు. ఆ ఫొటోలు లోకమంతా చూసింది. మనమందరం చెప్పుకొనే కథ ఇక్కడితో ఆగిపోతుంది: అండగా నిలిచిన మగవాడు. తర్వాత జరిగింది స్విట్జర్ తన జ్ఞాపకాల్లో రాశారు. కాసేపటికి మిల్లర్‌కు భయం పట్టుకుంది. అధికారిని కొట్టినందుకు తన ఆట పోతుందని ఆమె మీద మండిపడి, ఆమెను వదిలి ముందుకు పోయాడు. ఇంకొన్ని మైళ్ళ తర్వాత అతడు నడుస్తూ కనబడ్డాడు. ఆమె దాటి పోయింది. 4 గంటల 20 నిమిషాలకు ముగించింది. వాళ్ళు మరుసటి ఏడు పెళ్ళి చేసుకున్నారు. ఆ పెళ్ళి నిలవలేదు.

ఆ రోజు ఆమె కన్నా గంట ముందే ఇంకొక ఆడది పరుగు ముగించింది. బాబీ గిబ్. 1966లో అర్జీ పెడితే ఆడవాళ్ళకు అంత శక్తి లేదని జవాబు వచ్చింది. ఆమె మొదలుగీత దగ్గర పొదల్లో దాక్కొని, నంబరు లేకుండా పరుగెత్తింది. 1967లోనూ నంబరు లేదు. బోస్టన్‌లో ఆడవాళ్ళను ఒప్పుకున్నది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ 1984 లాస్ ఏంజిలిస్‌లో. గెలిచింది జోన్ బెనాయ్, 2 గంటల 24 నిమిషాల 52 సెకండ్లు.

ఇంకొక జంట గురించి చెప్పకపోతే అన్యాయం. చెక్ దేశపు ఎమిల్ జాటోపెక్, డానా. ఇద్దరూ పుట్టింది ఒకే రోజు, 1922 సెప్టెంబర్ 19. 1952 హెల్సింకిలో ఎమిల్ 5000 మీటర్లు గెలిచిన కాసేపటికే డానా ఈటె విసిరి బంగారం గెలిచింది. మూడు రోజుల తర్వాత ఎమిల్ జీవితంలో మొదటిసారి మారథాన్ పరుగెత్తి, అదీ గెలిచాడు. ఒకరి కోసం ఒకరు ఆగలేదు. ఒకరి వల్ల ఒకరు తగ్గలేదు.

ఇవన్నీ తెల్లవాళ్ళ కథలు, మనకేమి అంటారా? మనవాళ్ళ కథ కూడా ఉంది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన మన కీ.రా., కి. రాజనారాయణన్, 1976లో "గోపల్ల గ్రామం" రాశారు. 1991లో దాని తర్వాతి నవల "గోపల్లపురత్తు మక్కళ్"కు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగు సీమ నుంచి ప్రాణాలు చేత పట్టుకొని, దక్షిణానికి వచ్చి, ఈ కరిసల్ నేలలో ఊరు కట్టుకున్న మనవాళ్ళ కథ అది. మా ఇంట్లో అవ్వలు చెప్పిన కథ కూడా అదే దారిదే: రాత్రి నడక, నది దాటడం, అడవి కొట్టి పొలం చెయ్యడం. ఆ నడకలో మగవాళ్ళు మాత్రమే వచ్చారా? చంకలో బిడ్డ, నెత్తిన మూట పెట్టుకొని ఆడవాళ్ళు అంతే దూరం నడిచారు. వాళ్ళకు 42 దగ్గర గీత లేదు, నీళ్ళిచ్చేవాళ్ళు లేరు. అట్లా వచ్చినవాళ్ళ మనవరాళ్ళకు మనం నిమ్మకాయ, చెంచా ఇస్తున్నాము.

ఇక మా కథ.

1984 ఆగస్టులో లాస్ ఏంజిలిస్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకండులో నూరో వంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకుంది. కాలనీలో ఇంటింటా అదే మాట. ఆమె తర్వాత మా దక్షిణ రైల్వే ఉద్యోగి అయింది. ఆ వార్తకు మేమూ కంటనీరు పెట్టాము. 1985 రిపబ్లిక్ డేకి కాలనీలో ఆటలు పెట్టారు. ఆడవాళ్ళకు 200 మీటర్ల పరుగు కూడా ఉండింది. మా ఆమె పేరు ఇచ్చింది. పెళ్ళికి ముందు బళ్ళో ఆమెను దాటినవాళ్ళు లేరట. ఎనిమిదో తరగతిలో పెద్దమనిషి కాగానే బడీ పోయింది, పరుగూ పోయింది.

ఆ పేర్ల కాగితం సాయంత్రం మా గుమాస్తా చేతికే వచ్చింది, శుభ్రంగా తిరగరాయమని. నలుగురూ చూస్తారు, ఆఫీసులో ఏమంటారో అని, ఎవరూ చెప్పకుండానే, ఎర్ర సిరాతో ఒక గీత గీసి ఆమె పేరు కొట్టేశాడు. ఇంట్లో "ఈసారి ఆడవాళ్ళ పరుగు వద్దన్నారు" అని అబద్ధం చెప్పాడు. ఉష కోసం ఏడ్చిన కళ్ళే అవి. మాలో సెంపుల్ ఎవరో మీకు అర్థమై ఉంటుంది. ఆటల రోజు ఆమె వంటింట్లోనే ఉండిపోయింది. పరుగు విజిల్ మా ఇంటికి వినబడే దూరమే.

2017లో రిటైరయ్యాము. ఒంట్లో చక్కెర ఉంది, నడవమని డాక్టరు చెప్పారు. తెల్లవారుజామున ఇద్దరం కరిసల్ పొలాల మధ్య రోడ్డు పట్టుకున్నాము. నెల తిరిగేసరికి ఆమె నడక ఆపి పరుగు మొదలుపెట్టింది. చీర మీద కాదు, కూతురు కొనిచ్చిన చూడీదారులో. ఎండాకాలం నాలుగు గంటలకే లేచాము. ఐప్పసి వానల్లో నల్లమట్టి బూటుకు శేరు అంటుకొనేది. సద్ద అంబలి తాగాము. జేబులో కోవిల్‌పట్టి కడలైమిట్టాయి పెట్టుకున్నాము. వేరుశనగ, బెల్లం, పరుగెత్తేవాడికి అంతకన్నా మంచి తిండి ఏ కంపెనీ చెయ్యలేదు. వారానికి కొంచెం కొంచెం దూరం పెంచుకుంటూ, డాక్టరు పరీక్షలు చేయించుకుంటూ, ఏడాదిన్నర పట్టింది.

2019 ఫిబ్రవరిలో ఆరోవిల్ మారథాన్‌కు పోయాము. 2008 నుంచి నడుస్తున్న పరుగు అది. ఎర్రమట్టి అడవి దారులు. చీకట్లో మొదలుపెట్టాము. 30 కిలోమీటర్ల దాకా పక్కపక్కనే, ఒక జత ఎద్దుల మాదిరి.

అక్కడ ఒక సంగతి. కండల్లో, కాలేయంలో మనిషి దాచుకొనే చక్కెర సుమారు 30 కిలోమీటర్లకు అడుగంటుతుంది. తర్వాత ఒళ్ళు ఇంజన్ ఆపేసిన బండి అవుతుంది. 33 దగ్గర మా గుమాస్తా పిక్క పట్టేసి చెట్టు కింద కూర్చున్నాడు. ఆమె కూడా కూర్చుంటుందని అనుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయన కూర్చుంటే ఆమె నిలబడింది, లేదా కూర్చుంది. ఆమె సీసాలో నీళ్ళు ఇచ్చి, కాలు పిసికి, దాహం తీరిందా అని అడిగి, "నేను పోతా బావా" అంది.

పోయింది.

ఇక్కడి నుంచి "మేము" రెండు ముక్కలయ్యాము. కూర్చున్న ముక్కకు మొదట కోపం వచ్చింది. మిల్లర్‌కు వచ్చిన కోపమే. నాలుగు నిమిషాలు ఆమెను తిట్టుకున్నాడు. తర్వాత లేచి, కుంటుతూ నడిచాడు. 9 కిలోమీటర్లు ఒంటరిగా నడిస్తే మనిషికి చానా సంగతులు గుర్తుకొస్తాయి. ఎర్ర సిరా గుర్తుకొచ్చింది.

గీత దాటేసరికి ఆమె వచ్చి ముక్కాలు గంట అయింది. చెట్టునీడలో కాళ్ళు చాపుకొని అరటిపండు తింటోంది. "బండి లేటా?" అంది. రైల్వేవాళ్ళ ఇంటి ఎకసెక్కం. ఆయన పక్కన కూలబడి, 1985 సంగతి చెప్పేశాడు. పేరు కొట్టింది నేనే అని.

ఆమె పండు తినడం ఆపలేదు. "తెలుసు బావా. ఆ కాగితం నీ చొక్కా జేబులో ఉండింది. చొక్కా ఉతికింది నేనే కదా" అంది.

34 ఏళ్ళు ఆ మాట ఆమె నోటి నుంచి రాలేదు. ఎందుకు అడగలేదంటే, "అడిగితే ఏం చేసేవాడివి?" అంది. దానికి ఆ రోజూ జవాబు లేదు, ఈ రోజూ లేదు. బోస్టన్‌లో సెంపుల్ 1973లో మొదలుగీత దగ్గర అందరి ముందూ స్విట్జర్‌తో రాజీపడ్డాడు. అతనికి ఆరేళ్ళు పట్టింది. మాకు 34.

ఈ రాత అచ్చంగా ఆ కాలేజీ పిల్ల కోసం, ఆమె మాటకు నవ్విన మన మగవాళ్ళ కోసం. సంక్రాంతికి ఎవరినీ 42 పరుగెత్తమనడం లేదు. అదే 5 కిలోమీటర్లు, అదే రోడ్డు, అదే వేళ, ఆడవాళ్ళకూ పెట్టండి. ఆలుమగలు కలిసి పరుగెత్తే పోటీ ఒకటి పెట్టినా సంతోషమే. కానీ ఒక షరతు: ఒకరు అలసిపోతే రెండోవాళ్ళు ఆగాలనే రూలు వద్దు.

పట్టీలో పేర్లు రాసే పని మాకు ఇవ్వండి. మా ఆమె రాస్తుంది. ఎర్ర సిరా ఇంట్లో లేదు.