నైపుణ్య వేతన వ్యత్యాసం

ఎక్కువ చదువుకున్నవారికీ, పనితనం ఉన్నవారికీ మిగతా కార్మికులకంటే ఎంత ఎక్కువ జీతం ముడుతుందో చెప్పే కొలతే నైపుణ్య వేతన వ్యత్యాసం. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా చదువుకున్నవాడికే లాభమని చాలామంది నమ్మకం. చరిత్ర మాత్రం అన్నివేళలా అలా నడవలేదు.

పారిశ్రామిక విప్లవపు తొలి యంత్రాలు పనిమంతుల పొట్టే కొట్టాయి. ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లో పేటెంటు పొందిన మరమగ్గం క్రమంగా మెరుగుపడి ఇంగ్లండు మిల్లుల్లో కుదురుకునేసరికి చేనేత కూలి పాతాళానికి పడింది. మరమగ్గాల దగ్గర ఎక్కువగా ఆడవాళ్లనూ పిల్లలనూ తక్కువ కూలికి పెట్టుకున్నారు. 1811లో నాటింగ్‌హామ్ ప్రాంతంలో మేజోళ్లు అల్లే యంత్రాలను పగలగొట్టిన లడ్డైట్లకు యంత్రాలు కొత్తేమీ కావు. పని రానివాళ్లతో నాసిరకం సరుకు చేయించి కూలి తగ్గిస్తున్న యజమానుల మీదే వారి కోపం. మరుసటి ఏడాదే పార్లమెంటు యంత్రాలు పగలగొట్టే నేరానికి మరణశిక్ష విధించింది.

20వ శతాబ్దంలో గాలి మళ్లింది. విద్యుత్తు, ఆఫీసు యంత్రాలు వచ్చాక చదవను, లెక్కలు వేయను వచ్చినవాళ్లు కావలసివచ్చారు. అమెరికాలో 1910 నాటికి పదిమంది యువతీయువకుల్లో ఒకరు హైస్కూలు పూర్తిచేయడమే గగనం. 1940కల్లా సగంమంది పూర్తిచేశారు. గుమాస్తా పనికి తగినవాళ్లు కొల్లలుగా దొరకడంతో జీతాల తేడా తగ్గింది. డచ్చి ఆర్థికవేత్త యాన్ టిన్‌బెర్గెన్ 1970లలో దీన్ని సాంకేతికతకూ చదువుకూ మధ్య పందెంగా వర్ణించాడు. ఆర్థికవేత్తలు క్లాడియా గోల్డిన్, లారెన్స్ కాట్జ్ 2008లో తమ గ్రంథానికి ఆ పందాన్నే పేరుగా పెట్టుకున్నారు.

1970లలో అమెరికాలో పట్టభద్రులు ఎక్కువై డిగ్రీ విలువ తగ్గింది. ఆర్థికవేత్త రిచర్డ్ ఫ్రీమన్ 1976లో దానిమీద పుస్తకమే రాశాడు. ఆ తర్వాతి దశాబ్దంలోనే డిగ్రీ విలువ మళ్లీ ఎగబాకింది. కారణం కంప్యూటరన్నారు. పనిలో కంప్యూటరు వాడేవారికి 10 నుంచి 15 శాతం ఎక్కువ జీతం వస్తోందని ఆర్థికవేత్త అలన్ క్రూగర్ 1993లో లెక్కతేల్చాడు. నాలుగేళ్లకు డినార్డో, పిష్కే అనే ఆర్థికవేత్తలు జర్మనీ వివరాలు తిరగేస్తే పెన్సిలు వాడేవారికీ, కుర్చీలో కూర్చుని పనిచేసేవారికీ దాదాపు అంతే ఎక్కువ వస్తోంది! జీతం పెన్సిలు వల్ల పెరగదు కదా. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లు అది రాకముందే పైమెట్టు మీదున్నారేమో అన్న అనుమానం అలా మొదలైంది. అమెరికా సమాఖ్య కనీస వేతనం 1981 నుంచి 1990 దాకా గంటకు 3.35 డాలర్ల దగ్గరే ఉండిపోవడం, కార్మిక సంఘాలు బలహీనపడటం కూడా జీతాల తేడా పెరగడానికి కారణాల్లో చేరాయి.

2003లో పరిశోధకులు ఆటర్, లెవీ, మర్నేన్‌లు చదువును పక్కనపెట్టి పని స్వభావాన్ని చూశారు. ఒకే పద్ధతిలో సాగే పద్దుల పని యంత్రానికి సులువు, గది ఊడ్చే పని కష్టం. అందుకే దెబ్బ తగిలింది పద్దుల పనిలాంటి మధ్యస్థాయి జీతాల ఉద్యోగాలకు.

కృత్రిమ మేధ మీద 2023లో వెలువడిన ఒక పరిశోధన కాల్‌సెంటరు ఉద్యోగులను పరిశీలించింది. కృత్రిమ మేధ సాయంతో వారి పని సగటున 14 శాతం పెరిగింది. ఎక్కువ మేలు జరిగింది కొత్తగా చేరినవారికి, ఆరితేరినవారికి ఒరిగింది స్వల్పం. అయితే అది గంటకు ఎన్ని ఫిర్యాదులు పరిష్కరించారన్న లెక్కే గాని, జీతం లెక్క కాదు.