నీటినుండి విషాన్ని వెలికితీసిన కథ

1963 నవంబరులో అమెరికాలోని మిసిసిపీ నది దిగువ భాగాన లక్షల సంఖ్యలో చేపలు చచ్చి తేలినవి. అంతకుముందు కొన్ని శీతకాలాలనుండి ఇట్లే జరుగుతూ వచ్చింది. ఆ నదినీటినే న్యూ ఆర్లియన్సు ప్రజలు త్రాగుతున్నారు! కారణం ఎండ్రిన్ అని 1964లో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పత్తి, చెరకు చేలపై చల్లే క్లోరిన్‌గల పురుగుమందు ఇది. ఒకప్పుడు మన పల్లెలలో కూడ ఈ పేరు తెలియనివారు అరుదు.

నదినీటిలో ఇటువంటి మందులు ఉండేది లీటరుకు మైక్రోగ్రాముల లెక్కన. మైక్రోగ్రాము అనగా గ్రాములో పదిలక్షలవ వంతు. ఇంత స్వల్పమైన దానిని కొలవాలంటే ముందుగా నీటినుండి బయటకు రప్పించాలి. ఎండ్రిన్‌కు నీరు గిట్టదు. హెక్సేను వంటి ద్రవంలో బాగా కరుగుతుంది. కనుక లీటరు నీటిని వేర్పాటు గరాటులో పోసి, కొంచెం హెక్సేను చేర్చి, కుదిపి, నిలకడగా ఉంచుతారు. మందు పైపొరలోకి చేరుతుంది. ఆ పొరను వేరుచేసి ఒక మిల్లీలీటరు మిగిలేవరకు ఇగిర్చితే గాఢత సుమారు వేయిరెట్లవుతుంది.

ఇక్కడొక కిటుకున్నది. ఏదైనా పదార్థం నీటిలోకన్న ద్రావణిలో పదిరెట్ల గాఢతతో చేరుతుందనుకొందాం. 150 మి.లీ. ద్రావణిని లీటరు నీటిలో ఒక్కసారే పోసి కుదిపితే నీటిలో నూటికి 40 పాళ్ళు మిగిలిపోతుంది. దానినే 50 చొప్పున మూడుసార్లు వాడితే మిగిలేది సుమారు 30 పాళ్ళే. నెర్న్‌స్టు 1891లో చెప్పిన వితరణ నియమంతో లెక్కకట్టి చూడండి. మూడుసార్లు కుదిపినందుకు చేయి నొప్పి పుట్టడం వేరే సంగతి!

ఇట్లా తీసినదానిని గుర్తించే సాధనాన్ని 1957లో ఇంగ్లండులో జేమ్స్ లవ్‌లాక్ నిర్మించాడు. దీనిని వాయు క్రోమటోగ్రాఫు చివర అమర్చుతారు. రేడియోధార్మిక పదార్థం ప్రభావంవల్ల వాయువులో ఎలక్ట్రానులు విడుదలై కొద్దిపాటి విద్యుత్తు ప్రవహిస్తుంది. క్లోరిన్‌గల అణువు రాగానే ఆ ఎలక్ట్రానులను మింగుతుంది, ప్రవాహం తగ్గుతుంది. ఆ తగ్గుదలే సాక్ష్యం.

మిసిసిపీలో గరాటు చేసే పనిని చేపలే చేశాయి. కొవ్వు కూడ ఒక ద్రావణియే గదా! మొప్పలగుండా పారే నీటినుండి చేప రాత్రింబగళ్ళు ఎండ్రిన్‌ను పోగుచేసుకొన్నది. అందుకే నీటిలోకన్న చేప దేహంలో దానిని పట్టుకోవడం సులభమయింది. అధికారులు మెంఫిస్ నగరంలోని ఒక కర్మాగారపు వ్యర్థాలవైపు వేలు చూపారు, యజమానులు ఒప్పుకోలేదు.

గరాటుకు బదులు సిలికాపొడి నింపిన చిన్న గొట్టాలు 1978లో వచ్చాయి. 1990లో కెనడాలో పావ్లిషిన్ పూతపూసిన సన్నని గాజుపోగుతో, ద్రావణి లేకుండానే పని జరిపించాడు. ఈ మధ్యలో, 1980లో, ఐరోపా ఆర్థిక సమాజం త్రాగునీటిలో ఒక్కొక్క పురుగుమందుకు లీటరుకు 0.1 మైక్రోగ్రామును హద్దుగా పెట్టింది. ఆ అంకె ఏ మందు ఎంత విషమో తూచి పెట్టినది కాదు. ఆనాటి పరికరాలు ఎంతవరకు చూడగలవో అంతవరకు పెట్టినది.