475 ఎందుకు ఓడిపోయింది?

గ్రాఫిక్స్ కార్డుల చరిత్రలో నాకు బాగా ఇష్టమైన పోటీ 2007 నాటిది. ఒకవైపు ఎన్‌విడియా వాళ్ళ జీఫోర్స్ 8800 జీటీఎక్స్, ఇంకోవైపు ఏటీఐ వాళ్ళ రేడియాన్ హెచ్‌డీ 2900 ఎక్స్‌టీ. ఏటీఐ అంటున్నాను గానీ, 2006 అక్టోబరులోనే దాన్ని ఏఎండీ కొనేసింది. కాగితం మీద గెలిచిన కార్డు బరిలోకి దిగాక ఓడిపోయింది. ఎందుకు ఓడిందో తెలిస్తే, ఇవాళ అట్టపెట్టెల మీద రాస్తున్న అంకెల్ని ఎలా చదవాలో కూడా తెలుస్తుంది.

ముందు ఇద్దరి జాతకాలు చూద్దాం.

8800 జీటీఎక్స్ (2006 నవంబరు, 599 డాలర్లు): 128 స్ట్రీమ్ ప్రాసెసర్లు, 1350 మెగాహెర్ట్జ్, 384 బిట్ల మెమరీ బస్సు, 768 ఎంబీ మెమరీ.

హెచ్‌డీ 2900 ఎక్స్‌టీ (2007 మే, 399 డాలర్లు): 320 స్ట్రీమ్ ప్రాసెసర్లు, సుమారు 742 మెగాహెర్ట్జ్, 512 బిట్ల బస్సు, 512 ఎంబీ మెమరీ.

థియరిటికల్ పెర్ఫార్మెన్స్ అని గొప్పగా చెప్పేదంతా ఒక చిన్న ఎక్కం. ఎన్ని ప్రాసెసర్లో, ఎంత క్లాకో, ఒక్కో క్లాకులో ఎన్ని లెక్కలో ఆ మూడూ గుణించడమే. ఒక గుణకారం, ఒక కూడిక కలిపి రెండు లెక్కలు అనుకుంటే ఎన్‌విడియాకి 128 × 1.35 × 2 = 345.6 గిగాఫ్లాప్స్. ఏటీఐకి 320 × 0.742 × 2 = దాదాపు 475. మెమరీ వేగం చూసినా సెకనుకి 86.4 జీబీకి ఎదురుగా 106 జీబీ దాకా. పైగా ధర 200 డాలర్లు తక్కువ. ఇంకేం కావాలి?

తీరా గేముల్లో పెట్టి చూస్తే 8800 జీటీఎక్స్‌దే పైచేయి. అసలు ఏఎండీయే తన కార్డుని జీటీఎక్స్‌కి కాకుండా దాని తమ్ముడు 8800 జీటీఎస్‌కి పోటీగా నిలబెట్టింది.

కిటుకంతా ఆ 320లో ఉంది. అవి విడివిడిగా 320 కాదు, ఐదేసి చొప్పున 64 గుంపులు. మా వర్ధన్నపేట నుంచి వరంగల్ పోయే షేర్ ఆటోలనుకోండి. ఐదు సీట్ల ఆటోలు 64. ఎన్‌విడియావి ఒక్కొక్కరే ఎక్కే 128 బైకులు, కాకపోతే దాదాపు రెట్టింపు స్పీడు. ఆటోలన్నీ నిండితే బైకులు వాటి ముందు దిగదుడుపే. కానీ కొడుకు బ్యాంకులో డబ్బులు తీసిచ్చాకే తండ్రి ఎరువుల షాపుకి పోవాలంటే, ఇద్దర్నీ ఒకే ట్రిప్పులో ఎక్కించి లాభం లేదు. ప్రోగ్రాముల్లోనూ అంతే, ఒక లెక్క జవాబు వస్తేగానీ రెండోది మొదలవదు. మన ఆటోవాలా అయితే సీట్లు నిండేదాకా కదలడు. చిప్పు అలా ఆగదు, ఖాళీ సీట్లతోనే వెళ్ళిపోతుంది. ఎవర్ని ఏ సీట్లో కూర్చోబెట్టాలో ముందే తేల్చాల్సింది కంపైలరు.

ఒకసారి లెక్కేద్దాం. సగటున నాలుగు సీట్లు నిండితే 475 కాస్తా 380 అవుతుంది, ఇంకా గెలుపే. మూడే నిండితే 285, ఓటమి. రెండూ సమానం కావాలంటే ఆటోకి 3.64 మంది ఎక్కాలి. ఇదొక్కటే కాదు, ఆ 475లో కనిపించనివి ఇంకా ఉన్నాయి. ఏటీఐ చిప్పులో టెక్స్చర్ యూనిట్లు 16, ఎన్‌విడియాలో 32. పిక్సెళ్ళని చివర్లో మెమరీలోకి రాసే యూనిట్లు 16కి 24. బొమ్మ అంచుల్ని నున్నగా చేసే పని కూడా ఏటీఐ ఆ స్ట్రీమ్ ప్రాసెసర్ల నెత్తినే పెట్టింది.

ఎన్‌విడియా వాళ్ళేదో సత్యహరిశ్చంద్రులని కాదు. వాళ్ళు ఇంకో గుణకారం కూడా కలిపి 518 గిగాఫ్లాప్స్ అని చెప్పుకున్నారు. మామూలు ప్రోగ్రాములకి ఆ అదనపు గుణకారం దొరికింది బహు తక్కువ.

ఇక్కడ మన హైదరాబాద్ కథ ఒకటి చెప్పాలి. 2007లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ నుంచి పవన్ హరీశ్, పి.జె. నారాయణన్ ఒక పేపరు రాశారు. కోటి శీర్షాలున్న గ్రాఫులో ఒకచోట నుంచి మిగతా అన్నిచోట్లకీ దగ్గరి దారుల్ని 600 డాలర్ల 8800 జీటీఎక్స్ మీద ఒకటిన్నర సెకన్లలో లెక్కగట్టారు. దారులు వెతకడంలో దశాంశాల లెక్కలకి పెద్దగా పనుండదు. మెమరీలో ఎక్కడెక్కడికో వెళ్ళి తెచ్చుకోవడమే అసలు పని. అంటే 345.6, 475 అని మనం ఇందాకట్నుంచి కొట్టుకుంటున్న అంకెలకి ఆ పనితో సంబంధమే తక్కువ. వాళ్ళు ప్రోగ్రాము రాసింది కుడాలో (కూడా కాదు, కుడా!). సీ భాష వచ్చినవాడికి అది అందుబాటులో ఉండేది. ఏటీఐ వైపున్న క్లోజ్ టు మెటల్ దాదాపు అసెంబ్లీ స్థాయి వ్యవహారం. ఈ తేడా ఏ స్పెసిఫికేషన్ పట్టికలోనూ ఉండదు. తర్వాతి పదిహేనేళ్ళలో అన్నిటికన్నా పెద్దదైన తేడా మాత్రం అదే.

ఐదు సీట్ల ఆటో చెడ్డదని కూడా అనలేం. 2008లో అదే పద్ధతిలో, టెక్స్చర్ యూనిట్లు 40కి పెంచి, 299 డాలర్లకి వచ్చిన హెచ్‌డీ 4870 ఎన్‌విడియా చేత ధరలు తగ్గించేలా చేసింది. చివరికి 2011 డిసెంబరులో హెచ్‌డీ 7970తో ఏఎండీ ఆ ఆటోల్ని వదిలేసింది.

ఈ పాత పురాణం ఇప్పుడెందుకంటారా? మా అక్క కొడుకు వర్ధన్నపేట నుంచి రోజూ ఇంజినీరింగు కాలేజీకి పోతాడు. ఆమధ్య ఫోన్ చేసి "మామా, 4070ల 466 ఏఐ టాప్సే ఉన్నయ్, కొత్త 5070ల 988 ఉన్నయ్. డబల్ ఫాస్టు గద, అదే తీసుకుంట" అన్నాడు. కొనేది మా బావ పత్తి అమ్మిన డబ్బులతో.

466 అనేది 8 బిట్ల లెక్క. 988 అనేది 4 బిట్ల లెక్క. రెండిట్లోనూ సగం అంకెలు సున్నాలైతేనే అన్న షరతు ఉంది. 5070ని కూడా 8 బిట్లలోనే చూస్తే వచ్చేది 494. డబలంతా ఆవిరైపోయింది! మెమరీ రెండిట్లోనూ 12 జీబీయే, కాబట్టి దాంట్లో పట్టని మోడల్ దీంట్లోనూ పట్టదు. నిజంగా పెరిగింది మెమరీ వేగం, 504 నుంచి సెకనుకి 672 జీబీకి, అంటే మూడోవంతు. అది చిన్న విషయమేం కాదు. దానికెంత ఎక్కువ పెట్టొచ్చన్నది వాడి పనిని బట్టి ఉంటుంది.

"అరే, నీ ప్రోగ్రామే రెండిటి మీదా ఓ గంట అద్దెకి నడిపి చూడు, ఆ తర్వాత కొను" అని చెప్పాను. వాడింకా తేల్చుకోలేదు. పత్తి డబ్బులు మాత్రం ప్రస్తుతానికి బ్యాంకులో భద్రంగా ఉన్నాయి.