ఆకాశపు నక్షా, నేలమీది సాక్ష్యము

మన ఉత్తర తెలంగాణమున భూమిని గూర్చి తగవు వచ్చినపుడు పదిమందిలో మొదట పుట్టు ప్రశ్న, "నక్షాలో ఏమున్నది?" యనునది. రెండవది, "పహాణీలో ఎవరి పేరున్నది?" యనునది. గత యేబది సంవత్సరములలో ఈ రెంటికి తోడుగా మూడవ పత్రమొకటి పుట్టినది. అది ఆకాశమునుండి తీసిన పటము. దానిని వ్రాసినది పట్వారీ కాదు, గొలుసు లాగిన సర్వేయరు కాదు. భూమికి వందల మైళ్ల యెత్తున తిరుగుచుండు కృత్రిమ ఉపగ్రహము. ఆదిలాబాదు అడవి యెంత తఱిగినదో, కరీంనగరు పొలము ఎంత పచ్చబడినదో, వేసవిలో మన నేల యెంత కాగుచున్నదో ఈ పటము చెప్పుచున్నది. ఇది యెట్లు పుట్టినది, ఏమి చూడగలదు, ఏమి చూడలేదు, దాని యెదుట ఊరి పెద్దల మాటకు విలువ యెంత యను సంగతులను నేడు మనవి చేయదలచితిని.

మొదట ఆ చూపు ఎట్టిదో తెలిసికొందము. సూర్యుని వెలుతురులో పలు రంగులు కలవు. ఆరోగ్యముగా నున్న ఆకు అందలి ఎఱ్ఱకాంతిని తన యాహారము వండుకొనుటకై త్రాగివేయును. ఎఱ్ఱనికి ఆవల మన కంటికి కానరాని వెలుతురు మఱియొకటి కలదు. దానికి పరారుణ కాంతి యని పేరు. ఆకు దీనిని త్రాగక, చాలవఱకు తిరుగగొట్టును. ఎండిన నేల యట్లు గాదు. అది రెండు కాంతులను ఇంచుమించు ఒక్క తీరుగనే తిరుగగొట్టును. ఉపగ్రహమునందలి యంత్రము ఈ రెండు కాంతులను వేఱువేఱుగ కొలుచును. రెంటికిగల భేదమును రెంటి మొత్తముచే భాగింపగా వచ్చు అంకెయే పచ్చదనపు సూచిక. దట్టమైన యడవికి ఆ యంకె ఒకటికి దగ్గఱగను, బీడునేలకు సున్నకు దగ్గఱగను, నీటికి సున్నకంటె తక్కువగను వచ్చును. మంత్రమేమియు లేదు, కూడిక, తీసివేత, భాగహారము మాత్రమే.

మన దేశమున ఈ విద్యకు నారు పోసినవారు పిషారోత్ రామ పిషారటిగారు. 1970వ సంవత్సర ప్రాంతమున వారు కేరళదేశపు కొబ్బరితోటలపై హెలికాప్టరునుండి పరారుణ ఛాయాచిత్రములను తీయించి, తెగులు సోకిన చెట్లను గుర్తించుటకు పూనుకొనిరి. 1972 జూలై 23వ తేదీన అమెరికావారు లాండ్‌శాట్ వరుసలోని మొదటి ఉపగ్రహమును పంపిరి. 1974లో మన హైదరాబాదునందే జాతీయ దూరగ్రహణ సంస్థ వెలసినది. 1979లో షాద్‌నగరు చెంత ఉపగ్రహములు పంపు సమాచారమును అందుకొను కేంద్రము పనిచేయ నారంభించినది. 1988 మార్చి 17న మన సొంత దూరగ్రహణ ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్. 1ఏ రష్యావారి రాకెట్టుపై నింగి కెక్కినది. అది భూమికి 904 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు, 22 దినముల కొకమాఱు ఒక్కొక్క చోటిని మరల చూచుచుండెను.

ఈ చూపు మొదట తెలిపిన వార్త చేదైనది. సర్కారు దస్తరముల ప్రకారము దేశపు నేలలో నూటికి సుమారు 23 పాళ్లు అడవి యనబడుచుండెను. హైదరాబాదు సంస్థవారు పటములను పరిశీలించి, 1972–75 నాటికే చెట్లుగల యడవి నూటికి 16.89 పాళ్లనియు, 1980–82 నాటికి అది 14.10 పాళ్లకు దిగినదనియు తేల్చిరి. పిమ్మట అటవీ సర్వేక్షణ సంస్థవారితో కలిసి లెక్క సరిచూడగా సుమారు పందొమ్మిదిన్నర పాళ్లని స్థిరపడినది. ఒకే కాలపు పటములనుండి రెండు లెక్కలు ఏల వచ్చినవి? ఏ మాత్రము చెట్లున్న అడవి యనవలెను, ఎంత చిన్న తునుకను లెక్కకు ఎక్కింపవలెను అను నిర్ణయము మనుష్యులది, యంత్రముది కాదు. పటము అబద్ధమాడదు, నిజమే. కాని పటమునకు పేరు పెట్టునది మనిషియే.

ఈ మాటకు నిదర్శనము దూరమున వెదకనక్కఱలేదు. ఆదిలాబాదు అడవి టేకు అడవి. టేకును, దానితో పెరుగు మద్ది, తునికి, ఇప్ప మున్నగు చెట్లును వేసవికి ఆకు రాల్చి, తొలకరితో చిగిర్చును. వైశాఖమాసమున ఉట్నూరు, జన్నారము అడవులను పైనుండి చూచినచో మోడుగా కనబడును. చూచినవాడు తెలియనివాడైనచో అడవి నశించెనని వ్రాసికొనును. కనుకనే అటవీ సర్వేక్షణ సంస్థవారు వానలు వెలిసిన తరువాత, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు తీసిన పటములను గ్రహింతురు. అప్పుడు వేఱొక చిక్కు వచ్చును. ఆ దినములలో నల్లరేగడిలో ఏపుగా పెరిగిన పత్తిచేనును మేలైన పచ్చదనము చూపును. అది పైరా, పొదయా యని తేల్చుటకు ఒక్క పటము చాలదు. ఏడాది పొడుగున తీసిన పటములు చూడవలెను. ఇంకొక విశేషము: హెక్టారుకు తక్కువ గాని నేలలో నూటికి పదిపాళ్లు చెట్లనీడ యున్నచో, అది యెవరి భూమియైనను, ఆ సంస్థవారి లెక్కలో అటవీ ఆచ్ఛాదనమే. ఆ లెక్కన మన జగిత్యాల మామిడితోటయు అందులో చేరును. జగిత్యాల రైతు తన తోటను అడవి యనునా?

కరీంనగరు కథ వేఱు. పూర్వము అక్కడి సేద్యము చెఱువులను, కుంటలను, మోటబావులను నమ్మియుండెను. వానకాలపు పంట పోగా యాసంగిలో చాలభాగము నేల బీడుగా నుండెడిది. 1963 జూలై 26న పోచంపాడు కడ గోదావరిపై ఆనకట్టకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. ఆ జలాశయమే శ్రీరాంసాగరము. కాకతీయ కాలువ కరీంనగరు సీమకు వచ్చినది. పట్టణము చెంత దిగువ మానేరు జలాశయము నిలిచినది. విద్యుత్తుతో బోరుబావులు హెచ్చినవి. నేడు యాసంగి పటములలో కాలువ వెంబడి పచ్చని పట్టెలు స్పష్టముగా కనబడును.

ఇది మన సీమకే పరిమితమైన సంగతి కాదు. 2000 మొదలు 2017 వఱకు ఉపగ్రహములు తీసిన పటములను పరిశీలించి, 2019లో శాస్త్రజ్ఞులొక పరిశోధనము వెలువరించిరి. ఆ కాలమున లోకమందలి ఆకుపచ్చని విస్తీర్ణము నూటికి 5 పాళ్లు హెచ్చినదట. అందు మూడవ వంతు చైనా, భారతదేశములదేనట. విని సంతోషింపవలసినదే. కాని మన దేశమున హెచ్చిన పచ్చదనములో 82 పాళ్లు పైరులది. అడవులది నాలుగున్నర పాళ్లకంటె తక్కువ. పచ్చగా నున్నదెల్ల అడవి కాదు. ఆ పచ్చని పట్టె కాలువనీటిదో, అప్పుచేసి త్రవ్విన నాలుగవ బోరుదో పైనుండి చూచు కన్నునకు తెలియదు. ఆ యూరివారికి తెలియును.

ఇక ఎండ మాట. వాతావరణశాఖవారు చెప్పు ఉష్ణము నీడలో, మనిషి యెత్తున నున్న గాలి యొక్క వేడిమి. ఉపగ్రహము కొలుచునది నేల పైపొర వేడిమి. కాగిన పెంకువలె నేలయు కనబడని కిరణములను విడుచుచుండును. వానినిబట్టి ఆ లెక్క కట్టుదురు. ఎండిన రేగడిపై మే మాసపు మధ్యాహ్నమున ఆ యంకె గాలి వేడిమికంటె పది డిగ్రీలు హెచ్చుట వింత కాదు. చెప్పులు లేక నడచిన వారికి ఇది క్రొత్తగా నేర్పనక్కఱలేదు. తడిసిన పొలమున నీరు ఆవిరియగునపుడు వేడిమిని తనతో గొనిపోవును. కావున పగటివేళ వరిమడి చల్లగా తోచును. దట్టమైన అడవియు అంతే. గోదావరిఖని చుట్టునున్న బొగ్గుగనుల మట్టిదిబ్బలపై చెట్టు లేదు, తడి లేదు. అక్కడి నేల ఎండను అట్లే పట్టి కాగును. అయితే ఇందులోను ఒక మెలిక కలదు. తడి పొలము నేలను చల్లబఱచినను గాలిలో ఆవిరిని పెంచును; ఉక్కపోత హెచ్చును. పటమున చల్లగా నున్న చోట కూలిమనిషికి ప్రాణము సుఖముగా నున్నదని వ్రాయరాదు.

ఇంతవఱకు చెప్పినది విద్య. ఇక చెప్పబోవునది బ్రతుకు. ఆదిలాబాదు సీమలో అడవికి గీత గీయుట, గీత లోపలివారిని వెడలుమనుట నిజాం కాలమునుండి వచ్చుచున్న తగవు. ఆ తగవులోనే 1940లో జోడేఘాటు కొండలలో కొమురం భీము ప్రాణము లర్పించెను. ఆ తరువాత నిజాం ప్రభుత్వము హైమెండార్ఫుగారిని గోండుల స్థితిగతులు తెలిసికొనుటకు నియమించినది. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టము చేసినది. 2005 డిసెంబరు 13కు ముందునుండి అడవిభూమిని దున్నుకొనుచున్న గిరిజనులకు, సాగులోనున్న మేరకు, 4 హెక్టార్లకు మించకుండ హక్కు కలదని అందు చెప్పబడినది. గిరిజనేతరులు మూడు తరములుగా, అనగా 75 సంవత్సరములుగా, అడవిని నమ్మి బ్రదుకుచున్నట్లు చూపవలెను.

ఇక్కడ ఆకాశపు పటము సాక్షిగా వచ్చి నిలుచును. 2005కు ముందరి పటములో చెట్లు కనబడినచో, "నీవు అప్పుడు దున్నలేదు" అని అధికారి యనవచ్చును. ఆ సాక్షి శక్తి యెంతయో చూడుడు. ఆనాడు పచ్చదనమును పక్షమున కొకమాఱు తెలుపు పటములలో మిక్కిలి చిన్న గడి యొక్కటియే దాదాపు 15 ఎకరములు. ఐ.ఆర్.ఎస్. 1ఏ పెద్ద కెమెరా గడి ఎకరమునకు పైన. చేనులో ఇప్పచెట్లను కొట్టక నిలుపుకొను గోండు రైతు రెండెకరముల పోడు అట్టి గడిలో అడవిగానే కనబడవచ్చును. ఇక 75 ఏండ్ల మాట: మొదటి లాండ్‌శాట్ 1972లో పుట్టినది, అంతకు పూర్వము దానికి జ్ఞాపకమే లేదు. మఱియొక వైపున, 2005 తరువాత పెద్ద యడవిని నఱికి "తాతల నాటి సాగు" అను వానిని ఈ పటము సులభముగా పట్టియిచ్చును. అది లంచము పుచ్చుకొనదు, మొగమాటపడదు.

చట్టము చేసినవారు ఈ రెండును ఎఱుగుదురు. 2008 జనవరి 1న వెలువడిన నియమములలో సాక్ష్యములను వరుసగా పేర్కొనిరి: సర్కారు కాగితములు, కట్టిన గట్లు, త్రవ్విన బావులు, శ్మశానములు, దేవతాస్థలములు, వంశవృక్షములు. వానితోబాటు, హక్కు కోరువారు గాక ఇతరులైన పెద్దలు చెప్పి వ్రాయించిన వాఙ్మూలము. 2012 సవరణలో మఱింత స్పష్టపఱచిరి: ఉపగ్రహపటము ఇతర సాక్ష్యములకు తోడు కావచ్చునే గాని వానికి బదులు కారాదు.

శాస్త్రజ్ఞుల పద్ధతియు ఇదియే. పటమును చదివినవారు గది వదలి నేలమీదికి వచ్చి, గడి గడికి నిలిచి, ఇది టేకా, పత్తియా, మామిడియా యని సరిచూచుకొందురు. నేలసత్యము చూడని పటము నమ్మదగినది కాదని వారే యందురు.

కావున పెద్దలారా, మీకు ఒక్క మనవి. ఆకాశపు పటమునకు వెఱవకుడు. దానిని త్రోసివేయనును వద్దు. గ్రామసభలో అది వచ్చినపుడు మూడు ప్రశ్నలు అడుగుడు: ఏ నెలలో తీసినది? ఒక్కొక్క గడి ఎన్ని ఎకరములు? ఎవరు నేలమీదికి వచ్చి సరిచూచిరి? పిదప మీ రెఱిగినది చెప్పుడు. ఏ చెఱువు ఏ యేట నిండినది, ఏ బీడు ఎప్పుడు చేనైనది, ఏ గుట్టపై చెట్లు ఎవరి కాలమున పోయినవి, ఇవన్నియు మీ నోటనున్నవి. వానిని ఒక పుస్తకమున తేదీలతో వ్రాయించి, పదిమంది చేవ్రాళ్లు పెట్టించి, పంచాయతీలో నుంచుడు. చుట్టమని ఎక్కువ చెప్పకుడు, పగవాడని తక్కువ చెప్పకుడు. ఆకాశమునందలి కన్ను రంగును, వేడిని చూచును. ఆ రంగు ఎవరి చెమటదో చెప్పవలసినవారు మీరు.